జెట్ కొనేముందు టైర్లలో గాలి చూడండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ వ్యాపార పేజీలో మిడ్‌సైజ్ బిజినెస్ జెట్‌ల మీద వచ్చిన వ్యాసం చదివాను. కొనుక్కుంటే మేలా, అద్దెకు తీసుకుంటే మేలా అని మొదలుపెట్టారు. సీట్ల తోలు గురించి రెండు పేరాలు, వైఫై గురించి ఒకటి, ఏ మోడల్ ఎంత దూరం ఎగురుతుందో చెప్పే పట్టిక ఒకటి వేశారు. టైర్ల గురించి ఒక్క ముక్క లేదు. ముసలాడి చాదస్తం అనుకోకండి, కారణం ఉంది.

నేను 34 ఏళ్లు విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైన ఇంజినీరును. చివరి పదకొండేళ్లు నా పని ఒక్కటే. ఎవరో కొనబోయే పాత జెట్‌ను వాళ్ల తరఫున వెళ్లి చూసి, తీసుకోవచ్చో వద్దో చెప్పడం. మా వాళ్లు దీన్ని ప్రీ-బై అంటారు. నేను ‘తీసుకోండి’ అన్నవి తక్కువే. అందుకే అమ్మేవాళ్లకు నేనంటే పెద్దగా ఇష్టం ఉండేది కాదు.

2008 సెప్టెంబర్ 19న అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, కొలంబియా విమానాశ్రయంలో ఒక లియర్‌జెట్ 60 టేకాఫ్ కోసం పరుగెడుతుండగా టైర్లు పేలిపోయాయి. అది మీరు రాసిన తరగతి విమానమే, చార్టర్ మీద, అంటే పైలట్లతో సహా అద్దెకు తీసుకోగా వెళ్తోంది. వేగం బాగా అందుకున్నాక కెప్టెన్ ఆపేయాలని ప్రయత్నించారు. కానీ టైరు ముక్కలు ఎగిరి కొట్టడంతో చక్రాల దగ్గరి సెన్సర్లు దెబ్బతిన్నాయి. విమానం నేల మీద ఉందన్న సంగతి దాని సిస్టమ్‌కే తెలియలేదు. వెనక్కి లాగాల్సిన రివర్సర్లు మూసుకుపోయి, ఇంజిన్లు ముందుకు తోశాయి. రన్‌వే దాటింది, రోడ్డు దాటింది, గట్టును గుద్దుకుంది. ఆరుగురిలో నలుగురు చనిపోయారు. అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ విచారణలో తేలింది ఏమిటంటే, సుమారు మూడు వారాలుగా ఆ టైర్లలో గాలి ఎంతుందో ఎవరూ చూడలేదు. ఆ టైర్లలో గాలి రోజుకు దాదాపు 2 శాతం తగ్గుతుంది. మన కారు టైరులో 30 పీఎస్ఐ చిల్లర ఉంటే వాటిలో 200 పైన ఉంటుంది. పావువంతు, మూడోవంతు గాలి పోయినా కంటికి తెలియదు. గేజ్ పెడితేనే తెలుస్తుంది.

ఆ గేజ్ పెట్టడానికి పట్టేది పది నిమిషాలు. ఒక విమానాన్ని బేరీజు వెయ్యడం అంటే, ఆ పది నిమిషాల పనిని రోజూ చేసేవాళ్లు దాని చుట్టూ ఉన్నారా లేదా అని చూడడం. సొంతానికి కొన్నా, గంట లెక్కన అద్దెకు తీసుకున్నా అదే ప్రశ్న. మీ వ్యాసం విమానాన్ని మాత్రమే చూసింది, దాన్ని చూసుకునేవాళ్లను చూడలేదు.

ముందు ఆ దూరాల పట్టిక సంగతి. సెస్నా సైటేషన్ లాటిట్యూడ్‌కు 2,700 నాటికల్ మైళ్లు అని వేశారు. కంపెనీ చెప్పే అంకె అదే, తప్పు లేదు. కిలోమీటర్లలో 5,000. కానీ ఆ అంకె నలుగురు ప్రయాణికులతో, గాలి అస్సలు లేని రోజున, పొదుపుగా ఎగిరితే వచ్చేది. విమానానికి మాత్రం తొమ్మిది సీట్లు ఉంటాయి. ఎదురుగాలి 80 నాట్లు, అంటే గంటకు 80 నాటికల్ మైళ్లు, ఉందనుకోండి, 430 నాట్లతో వెళ్లే జెట్ నేల లెక్కలో 350తోనే కదులుతుంది. దూరంలో దాదాపు ఐదో వంతు అక్కడే పోయింది. పైగా ట్యాంకు నిండా పోస్తే ఎంత బరువు ఎక్కించొచ్చు అన్నది వేరే లెక్క. ఈ తరగతి జెట్లు చాలావాటిలో సీట్లన్నీ, సామానంతా, ట్యాంకంతా ఒకేసారి నింపలేం. ఏదో ఒకటి తగ్గించుకోవాలి. ఇది దాచిపెట్టిన రహస్యం కాదు, ప్రతి విమానం బరువుల షీటులోనూ ఉంటుంది. అమ్మకం మీటింగులో ఆ షీటు బల్ల మీదకు రాదు, అంతే.

క్యాబిన్ గురించి నేను ఎక్కువ చెప్పను. లాటిట్యూడ్‌లో ఆరడుగుల మనిషి నిలబడొచ్చు, నేల సమంగా ఉంటుంది. సైటేషన్ ఎక్స్‌ఎల్ఎస్‌లో నడిచే దారి కొంచెం లోతుగా ఉంటుంది. అందులోనూ, హాకర్ 800ఎక్స్‌పీలోనూ తల వంచాల్సి రావచ్చు. హాకర్‌లో పెట్టెలు క్యాబిన్‌లోనే ముందువైపు ఉంటాయి, గాల్లో ఉండగా తీసుకోవచ్చు. ఎక్స్‌ఎల్ఎస్‌లో తోక దగ్గర బయటి అరలో పెడతారు, దిగేదాకా చెయ్యి పెట్టలేరు. మందుల సంచి అందులో పెట్టి టెన్షన్ పడ్డ పెద్దాయన ఒకరు నాకు తెలుసు.

రన్‌వే సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. చార్టర్ అంటే నిబంధనలు సడలింపుగా ఉంటాయని, సొంత విమానమైతే కట్టుదిట్టంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజం తలకిందులు. అమెరికాలో గానీ యూరప్‌లో గానీ డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకునే జెట్, మామూలుగా అయితే, దిగబోయే రన్‌వే పొడవులో 60 శాతం లోపే ఆగగలగాలి. మాన్యువల్ ప్రకారం 3,000 అడుగుల్లో ఆగే విమానానికి 5,000 అడుగుల రన్‌వే కావాలి. తడిగా ఉంటుందని వాతావరణ సూచన ఉంటే దాని మీద ఇంకో 15 శాతం, అంటే 5,750. అమెరికాలో సొంత పనికి సొంత విమానంలో వెళ్లే యజమానికి ఈ 60 శాతం లెక్క తప్పనిసరి కాదు. అదే విమానం, అదే పైలట్లు, అదే వాన. యజమాని దిగే చోట చార్టర్ దిగదు. ‘మా ఫ్యాక్టరీ పక్కన 4,500 అడుగుల రన్‌వే ఉంది, సొంతది కొంటే నేరుగా అక్కడే దిగొచ్చు’ అని ఒకాయన నాతో ఉత్సాహంగా అన్నారు. దిగొచ్చు నిజమే. చార్టర్‌కు ఆ అదనపు పొడవు ఎందుకు అడుగుతారో, తడి రన్‌వే మీద బ్రేకులు పట్టని జెట్‌ను చూసినవాడికి తెలుస్తుంది. సొంతదానికి కూడా చార్టర్ లెక్కే పెట్టుకోండి అని చెప్పాను. ఆయనకు నచ్చలేదు.

ఇక నా అసలు పని గురించి. ఇరవై ఏళ్ల జెట్ ఒకటి చూడ్డానికి నన్ను పిలిచారు. మోడల్ పేరు, అమ్మేవాళ్ల పేరు చెప్పను. కొత్త పెయింటు, కొత్త తోలు, కొత్త కార్పెట్. లోపలికి అడుగుపెడితే కొత్త కారు వాసన. కొనబోయే ఆయన అప్పటికే మనసులో కొనేసుకున్నారు. నేను హాంగర్‌లోకి పోకుండా రికార్డు గదిలో కూర్చున్నాను. లాగ్‌బుక్కులు, జాబ్ కార్డులు, విడిభాగాల సర్టిఫికెట్లు అన్నీ కలిపి ఏడు పెట్టెలు. రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు ఉదయం ఆయన వచ్చి, “విమానం చూడమని పిలిస్తే కాగితాలు చూస్తున్నారేంటండీ?” అన్నారు. “ఇది కూడా విమానమే సార్” అన్నాను.

ఎడమవైపు ప్రధాన ల్యాండింగ్ గేర్‌కు, అంటే చక్రాలుండే కాలికి, ఓవర్‌హాల్ చేసినట్టు సర్టిఫికెట్ ఉంది. సీరియల్ నంబర్ చివర 7. టార్చి పట్టుకుని వెళ్లి గేర్ మీది రేకు చూస్తే చివర 1. ఎప్పుడో ఎవరో గేర్ మార్చారు. పెట్టిన గేర్‌కు కాగితం లేదు, కాగితం ఉన్న గేర్ ఎక్కడుందో తెలియదు. గేర్‌కు ఎన్ని ల్యాండింగులయ్యాయి అన్నదే దాని వయసు. అది తెలియనప్పుడు చూడ్డానికి ఎంత బాగున్నా తూకానికి వేసే ఇనుమే. అమ్మేవాళ్లు మోసం చేశారని నేను అనను. వాళ్లు కూడా అలాగే కొని ఉండొచ్చు. వాళ్ల తరఫున కాగితాలు చూసినవాడు ఎవడూ లేడు, అంతే.

తర్వాత టాయిలెట్ దగ్గరి కార్పెట్ ఎత్తించాను. అమ్మేవాళ్ల మనిషి “అది మొన్ననే వేశామండీ” అన్నాడు. అందుకే ఎత్తమన్నాను. టాయిలెట్ నీళ్లు ఏళ్ల తరబడి కింద పలకల్లోకి కారడం ఈ విమానాల్లో పాత రోగం. పలక తీస్తే కింది అల్యూమినియం తెల్లటి పొడిలా రాలింది. వేలితో గీస్తే పొరలు లేచాయి. కార్పెట్ వేసినవాడికి ఇది కనపడకపోయే అవకాశం లేదు.

వింత ఏమిటంటే ఇంజిన్లు బాగున్నాయి. బోరోస్కోప్, అంటే సన్నటి గొట్టం కెమెరా, పెట్టి లోపలి బ్లేడ్లన్నీ చూశాను, గీత లేదు. ఇంజిన్లు గంట లెక్కన డబ్బు కట్టే పథకంలో ఉన్నాయి. హనీవెల్ వాళ్లకు ఎంఎస్‌పీ, ప్రాట్ అండ్ విట్నీ కెనడా వాళ్లకు ఈఎస్‌పీ అని ఉంటాయి. ఎగిరిన ప్రతి గంటకూ ఇంత అని కడుతూ పోతే పెద్ద రిపేరు వచ్చినప్పుడు వాళ్లే చూసుకుంటారు. పాత జెట్ కొనేవాళ్లు మొదట అడగాల్సింది ఇదే. పథకంలో ఉందా, బాకీ లేకుండా కట్టారా, కొత్త యజమాని పేరుకు మారుతుందా. పథకంలో లేని ఇంజిన్ల జెట్ చవగ్గా వస్తే, ఆ తేడా ఎక్కడికీ పోదు, తర్వాత మీరే కడతారు.

ఆ విమానం అంతకుముందు రెండేళ్లలో ఎగిరింది మొత్తం 31 గంటలు. తక్కువ తిరిగింది కాబట్టి అరగలేదు అని అమ్మేవాళ్లు సంబరంగా చెప్పారు. కారుకు పనికొచ్చే మాట అది, కొంతవరకు. జెట్ నిలబడితే సీళ్లు ఎండుతాయి, హైడ్రాలిక్ కారుతుంది, తేమ చేరుతుంది. ఇంధనం ట్యాంకు అడుగున నీళ్లు నిలిస్తే ఆ నీటికీ ఇంధనానికీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి జిగురు బురద కడుతుంది. ఫిల్టర్లు మూసుకుపోతాయి, ట్యాంకు లోహాన్ని తింటుంది. పైగా చాలా తనిఖీలు గంటలను బట్టి కాదు, క్యాలెండర్‌ను బట్టి వస్తాయి. ఎగిరినా ఎగరకపోయినా తేదీ ఆగదు. నేనైతే వారానికి నాలుగు రోజులు ఎగిరే విమానాన్నే నమ్ముతాను.

ఇంకో మాట. ఆ ప్రీ-బై చేయించే వర్క్‌షాపు అమ్మేవాళ్ల విమానాన్ని రోజూ చూసేది అయ్యుండకూడదు. తను చేసిన పనిలో తప్పు తనే రాసేవాడు ఎక్కడా దొరకడు.

ఆ బేరం రద్దయింది. ఆయన నా మీద కోపంతో ఉన్నారు. ఆ కోపంలోనే అయినా ఒక ప్రశ్నకు జవాబు చెప్పారు. గత ఏడాది జెట్‌లో నిజంగా ఎన్ని గంటలు తిరగాల్సి వచ్చేది అని అడిగాను. “మూడొందలు ఉంటాయి” అన్నారు. సెక్రటరీ డైరీ తెప్పించి ప్రయాణాలన్నీ వేసి చూస్తే 96 వచ్చాయి. ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. అలసిపోయిన మనిషికి ప్రతి ప్రయాణం రెండుగా గుర్తుంటుంది.

ఈ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. ఏడాదికి 50 గంటల లోపు అయితే చార్టర్. 200 గంటలు దాటితే సొంతం గురించి ఆలోచించొచ్చు. మధ్యలో ఉన్నవాళ్లకు వాటా పద్ధతి, అంటే ఒకే జెట్‌ను పలువురు వాటాలుగా కొనుక్కోవడం. అమెరికా కంపెనీ నెట్‌జెట్స్ 1986లో మొదలుపెట్టింది అదే. 16వ వంతు వాటా అంటే మామూలుగా ఏడాదికి 50 గంటలు. ఈ అంకెలు గీత గీసినట్టు ఉండవు, కానీ వీటి వెనక కారణం గట్టిది. పైలట్ల జీతం, వాళ్ల సిమ్యులేటర్ ట్రైనింగ్, హాంగర్, ఇన్సూరెన్స్, 28 రోజులకోసారి మార్చాల్సిన నావిగేషన్ డేటా, ఇవేవీ మీరు ఎన్ని గంటలు ఎగిరారని అడగవు. ఆ ఖర్చును 300 గంటలకు పంచితే వచ్చేదానికి మూడింతలు, 96 గంటలకు పంచితే పడుతుంది. సొంతదారు ఇంటికి పోయి నిద్రపోతున్నా కూడా ఇది నడుస్తూనే ఉంటుంది.

‘మనం వాడనప్పుడు చార్టర్‌కు ఇద్దాం, ఖర్చు అదే రాబట్టుకుంటుంది’ అనే మాట మీ వ్యాసంలోనూ ఉంది. ఖర్చు కొంత తగ్గుతుంది, నిజం. కానీ విమానాన్ని చార్టర్ సర్టిఫికెట్ మీదకు ఎక్కించాలంటే తనిఖీలు, శిక్షణ, కాగితాలు అన్నీ ఆ స్థాయికి తేవాలి. గంటలూ ల్యాండింగులూ పెరుగుతాయి, మళ్లీ అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది. ముఖ్యంగా, మీకు కావాల్సిన సోమవారం ఉదయమే అందరికీ కావాలి. ఆరోజు అది మీ దగ్గర ఉండదు, లేదా ఆదాయం ఉండదు.

తయారీ ఆగిపోయిన మోడళ్ల గురించీ రెండు మాటలు. హాకర్ బీచ్‌క్రాఫ్ట్ 2012లో దివాలా రక్షణకు వెళ్లింది, తర్వాత హాకర్ జెట్లు తయారుకాలేదు. లియర్‌జెట్ చివరి విమానం 2022లో డెలివరీ అయ్యింది. వీటిని వద్దనుకోనక్కర్లేదు, విడిభాగాలు దొరుకుతున్నాయి, మంచి విమానాలు. కాకపోతే మీకు దగ్గరలో ఏ వర్క్‌షాపు దాన్ని ముట్టుకుంటుంది, పార్ట్ రావడానికి ఎన్ని రోజులు అని కొనకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. నేల మీద ఆగిపోయిన జెట్ కంటే ఖరీదైన వస్తువు లేదు.

చార్టర్ తీసుకునేవాళ్లు ఇవన్నీ చూడలేరు, చూడనక్కర్లేదు కూడా. కానీ ఎవరి విమానం ఎక్కుతున్నారో తెలుసుకోవాలి. మీతో ఫోన్‌లో మాట్లాడేది చాలాసార్లు బ్రోకర్. విమానం నడిపేది ఇంకొకరు. 2005 ఫిబ్రవరి 2న న్యూయార్క్ పక్కన టెటర్‌బరోలో ఒక చాలెంజర్ 600 పైకి లేవలేక రన్‌వే దాటి, హైవే దాటి గోడౌన్‌లోకి దూసుకెళ్లింది. ఇంధనం నింపిన తీరు వల్ల బరువు ముక్కువైపు పరిమితి దాటిపోయింది. ఆ విమానాన్ని నడిపిన సంస్థకు చార్టర్ నడిపే సొంత సర్టిఫికెట్టే లేదని, ఇంకొకరి సర్టిఫికెట్ నీడన తిరుగుతోందని తర్వాత బయటపడింది. దాన్ని నడిపినవాళ్లకు శిక్షలు పడ్డాయి. అందుకే విమానం టెయిల్ నంబర్, అంటే దాని రిజిస్ట్రేషన్ నంబర్, ముందే అడగండి. ఆ నంబర్ ఏ ఆపరేటర్ సర్టిఫికెట్‌లో ఉందో అడగండి. చివరి నిమిషంలో విమానం మారిస్తే మళ్లీ అడగండి. పైలట్లు ఇద్దరూ ఇదే మోడల్ మీద చివరిసారి సిమ్యులేటర్‌కు ఎప్పుడు వెళ్లారో అడగండి. సరైన ఆపరేటర్‌కు ఈ ప్రశ్నలు కొత్త కాదు, గంటలో జవాబు వస్తుంది. నసిగితే ఇంకొకరిని చూసుకోండి.

భద్రతను బయటివాళ్లు తనిఖీ చేసి ఇచ్చే ఆడిట్ ముద్రలు ఉన్నాయి కదా అంటారు. మంచివే, ఉండాలి. కానీ 2014 మే 31న అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో గల్ఫ్‌స్ట్రీమ్ 4 ఒకటి, పెద్ద తరగతి జెట్, నిలిపి ఉంచినప్పుడు గాలికి కదలకుండా వేసే కంట్రోళ్ల లాక్ తియ్యకుండానే టేకాఫ్‌కు పరుగెత్తి ఏడుగురిని బలి తీసుకుంది. సొంత విమానం, అనుభవమున్న పైలట్లు, ఆడిట్ ముద్ర కూడా ఉంది. రికార్డర్ డేటా తీసి చూస్తే అంతకుముందు 175 టేకాఫ్‌లలో 98 శాతం సార్లు కంట్రోళ్ల చెక్ పూర్తిగా చెయ్యలేదని తేలింది. యజమాని వెనక కూర్చుంటాడు, అతనికి ఏం తెలుస్తుంది? ఆ రికార్డర్ డేటాను బయటివాళ్లు పరిశీలించే పద్ధతి పెట్టుకోవాలి. సొంతదారులు దీనికి ఖర్చు పెట్టడానికి వెనకాడతారు, తోలు మార్చడానికి వెనకాడరు.

నేనేదో తప్పులు చెయ్యనివాడినని ఇదంతా రాయడం లేదు. 2019లో ఒకాయనకు ‘తీసుకోండి’ అని చెప్పాను. కాగితాలు, గేర్, ఇంజిన్లు అన్నీ చూశాను. 2020 జనవరి 1 నుంచి అమెరికా గగనతలంలో చాలాచోట్ల విమానం ఎక్కడుందో తనే ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం తప్పనిసరి అని నాకు తెలుసు. ఆ విమానంలో అది లేదని రాసుకున్నాను కూడా. నివేదికలో మాత్రం చివరి పేజీలో ఒక లైనుగా పెట్టాను. ఆయన చివరి పేజీ చదవలేదు. ఆయన ప్రయాణాల్లో సగం అమెరికాలోనే. పరికరం పెట్టే షాపులో వంతు వచ్చేసరికి మూడు నెలలు పట్టింది, కొత్తగా కొన్న జెట్ అన్నాళ్లూ హాంగర్‌లోనే ఉంది. తర్వాత నుంచి అలాంటివి మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాశాను.

ఆ 96 గంటల ఆయన సంగతి అడుగుతారేమో. ఏడాదిపాటు చార్టర్‌లోనే తిరిగారు. నేను చెప్పినట్టు, తను ఎక్కువగా వెళ్లే దారుల్లోనే రెండు రకాల మోడళ్లు మార్చి మార్చి వాడారు. తను ఇష్టపడ్డ మోడల్‌లో ఎదురుగాలికి రెండుసార్లు మధ్యలో దిగి ఇంధనం పోయించాల్సి వచ్చింది. ఆ మోడల్ పేరు ఇప్పుడు ఎత్తడం లేదు. ఇంకా కొనలేదు.

మీ పట్టిక మళ్లీ వేస్తే రెండు గడులు కలపండి. ఒకటి, ట్యాంకు నిండాక ఎంతమందిని ఎక్కించొచ్చు. రెండు, 60 శాతం లెక్కన దిగడానికి ఎంత రన్‌వే కావాలి. ఒక్కో మోడల్‌కు లెక్క కట్టడానికి అరగంట పడుతుంది, కావాలంటే నేను చేసి పంపిస్తాను.

ఇట్లు,
రిటైరైన విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు, మీ పాత చందాదారు